చుక్కానిలో చుక్క లేదు

చుక్కలు చూసి ఓడ నడిపేవారు గనుక ‘చుక్కాని’ అన్నారనుకోవడం సులువే. వినడానికి బాగానే వుంటుంది. కాని ఆ మాటలో చుక్క లేదు.

అరబ్బీలో ‘సుక్కాన్’ అంటే ఓడ వెనుక నీటిలో నిలువుగా వేలాడే పలక. దాన్ని పట్టేవాడు ‘సుక్కానీ’. మన మాట ఆ మనిషి పేరుకే దగ్గరగా వుంది. ఇంగ్లీషు నావికులు అతన్నే ‘సీకన్నీ’ అన్నారు. లంగరు, సరంగు పారసీ నుంచి వచ్చాయి. ఓడ, తెడ్డు, తెరచాప మాత్రం అచ్చంగా మనవే.

ఈ మాటలు కలిసింది రేవుల్లోనే. మన జిల్లాలో అటువంటి రేవు కోరంగి. 19వ శతాబ్దం తొలి రోజుల్లో కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలను డాకులోకి చేర్చి బాగుచేసే చోటు అదొక్కటే. ఇక్కడినుంచి బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఆ రేవును ముంచింది.

ఇంతకీ ఆ పలక చేసే పని? అది ఏ పక్కకు తిరిగితే ఓడ ముక్కు ఆ పక్కకే మళ్ళుతుంది. నిజానికి నీరు పలకను తోస్తే పక్కకు జరిగేది తోక! ఓడ కదలకుండా వుంటే చుక్కాని ఎంత తిప్పినా లాభం లేదు.

కాలువ పడవలదీ అదే లెక్క. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలే మన రోడ్లయ్యాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగేవారు. తాడు లాగేకొద్దీ ముక్కు గట్టువైపే పోతుంది. చుక్కాని పట్టినవాడు దాన్ని నీటివైపు మళ్ళిస్తూ వుండాలి. మనకు గట్టెక్కడం మేలు. అతనికి అదే ప్రమాదం.

వెనుక పలక రాకముందు, పక్కన కట్టిన పెద్ద తెడ్డుతోనే దారి మళ్ళించేవారు. చెవిలా వేలాడేది కాబట్టి కాబోలు, సంస్కృతంలో ‘కర్ణం’ అన్నారు. పట్టినవాడు కర్ణధారుడు. ఇప్పుడు ఆ మాట సన్మాన పత్రాల్లోనే కనిపిస్తుంది, ఓడ వాసన లేకుండా.

తాళ్ళరేవు వడ్రంగులు కట్టిన తెరచాప ధోనీల రోజులు పోయాయి. మరపడవలు వచ్చాయి. వాటి అడుగున, తిరిగే పంకా వెనుక, చుక్కాని ఇప్పటికీ వుంది.