దెబ్బలకు లొంగని బోర్యె సాల్మింగ్

క్రికెట్ గురించి మన ఇళ్ళలో చిన్నపిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు. ఐస్ హాకీ మాత్రం మనలో చాలామందికి కొత్తే కదూ! గడ్డకట్టిన మంచు మీద, కాళ్ళకు బ్లేడ్లున్న స్కేట్లు కట్టుకుని, బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళను కర్రతో కొట్టే ఆట అది. భుజాలతో గుద్దుకోవడం కూడా అందులో భాగమే! ఆ ఆటలో వాసికెక్కిన స్వీడన్ దేశస్థుడు బోర్యె సాల్మింగ్ కథ చెబుతాను, వినండి.

1951లో స్వీడన్ ఉత్తర కొసన, కిరునా ప్రాంతంలో పుట్టాడాయన. అయిదేళ్ళప్పుడే ఇనుప గనిలో జరిగిన ప్రమాదంలో తండ్రి పోయాడు. మంచే ఆ పిల్లవాడికి ఆటస్థలమయింది.

1973లో కెనడాలోని టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టు పిలిచింది. స్వీడన్ వాళ్ళు పిరికివాళ్ళని అక్కడ ఎగతాళి. ఎదుటివాళ్ళు కావాలనే కర్రలతో పొడిచేవారు, గుద్దేవారు. సాల్మింగ్ మూట సర్దుకుని వెనక్కి పోలేదు. ఆ జట్టులోనే పదహారు సీజన్లు ఆడాడు. 1976 కెనడా కప్పులో ఆయన స్వీడన్ తరఫున టొరంటోలో దిగితే, పరాయి జట్టువాడని చూడకుండా జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు!

1986లో వేరే ఆటగాడి స్కేటు తగిలి ముఖం చీరుకుపోయింది. రెండువందలకు పైగా కుట్లు! అయినా మళ్ళీ ఆడాడు. 1996లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కించుకున్న మొదటి స్వీడన్ ఆటగాడు ఆయనే.

2022లో ఏఎల్ఎస్ అనే జబ్బు బయటపడింది. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోతాయి, నయంచేసే మందు లేదు. మాట పడిపోయింది. అయినా ఆ నవంబరులో టొరంటో వెళ్ళాడు. మంచు మీద నిలబెడితే, పాత సహచరుడు డారిల్ సిట్లర్ కన్నీళ్ళతో ఆయన చేయి పట్టి పైకెత్తాడు. జనం మళ్ళీ లేచి నిలబడ్డారు. కొద్ది రోజులకే, నవంబరు 24న, 71 ఏళ్ళ వయసులో సాల్మింగ్ కన్నుమూశాడు.

ఇంట్లో ఎవరైనా మంచాన పడితే నలుగురిలోకి తీసుకురావడానికి మనం మొహమాటపడతాం. చూసినవాళ్ళు జాలిపడతారేమోనని భయం. అన్ని దెబ్బలు ఓర్చిన మనిషే స్నేహితుడి చేయి ఆసరా తీసుకోవడానికి సిగ్గుపడలేదే! మనవాళ్ళకూ కావలసింది జాలి కాదు, పక్కన నిలబడే ఒక చేయి. ఏమంటారు?