జిహ్వకో రుచి, చేతికో యంత్రము

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దలు ఊరక అనలేదు. ఒకనికి గోంగూర లేనిదే ముద్ద దిగదు. మరియొకనికి ఆ పులుపు పేరు వినినంతనే పండ్లు జివ్వుమనును. ఈ రుచిభేదము విస్తరి దగ్గరనే ఆగిపోవునని నేననుకొంటిని. కాని అది కంప్యూటరు బల్ల దాకా వచ్చి కూర్చున్నదని మొన్న ఒక ఉన్నత పాఠశాలలో తెలిసికొంటిని.

ఉపాధ్యాయుల గదిలో లెక్కల మాష్టారికిని, తెలుగు పండితులకును వాదము నడుచుచుండెను. “ఎన్ని చెప్పండి పండితులవారూ, విండోసులో ఉన్న సుఖం మరెక్కడా లేదు” అని ఆయన. “మీకు అలవాటై అలా అంటున్నారు మాష్టారూ! మా అబ్బాయి నాకు లినక్సు పెట్టి ఇచ్చాడు. రెండేళ్ళయింది, ఒక్కనాడూ మొరాయించలేదు” అని ఈయన. నడుమ డ్రాయింగు మాష్టారు తల యెత్తి, “బొమ్మలు గీసేవాడికి మాకింటోషే యంత్రం, మిగిలినవన్నీ టైపు మిషన్లు” అని తేల్చివేసిరి. సుద్దముక్కల పెట్టె కొరకు వచ్చిన ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఇదంతయు విని, గుమ్మము దగ్గర ఆగి, “మరి పరీక్షకు ఏది వస్తుందండీ?” అని అడిగెను. అందరము నవ్వితిమి. గంట మ్రోగినది, వాదము తెగలేదు.

ఇంటికి వచ్చిన తరువాత ఆ బాలుని ప్రశ్న నన్ను విడువలేదు. ఆ ముగ్గురు మాష్టార్లలో ఎవరైనను మూడింటిని రుచి చూచి తమదానిని కోరుకొనిరా? లేక మొదట చేతికి తగిలినదే ముద్దయినదా? ఒక్క వంటకమునే యెరిగినవాడు అదియే తనకిష్టమనుట రుచి అగునా, అలవాటు అగునా?

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా నేమో తెలియని చిన్నతరగతుల విద్యార్థులు మన పల్లెలలోని ఏకోపాధ్యాయ పాఠశాలను తలచుకొనవలెను. పంతులుగారు ఒక్కరే, తరగతులైదు. ఒకటవ తరగతి చేత ఓనమాలు దిద్దించుచు, మూడవ తరగతికి ఎక్కములు అప్పగించి, అంతలో ఐదవ తరగతికి పాఠము చెప్పుదురు. ఏ తరగతి పిల్లలకైనను పంతులుగారు తమకొరకే యున్నట్లు తోచును. కంప్యూటరులో ఆ పంతులుగారే ప్రాసెసరు. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరికెంత చోటు, ఎవరి పలక ఎవరు ముట్టరాదు అను కట్టుబాటు ఆపరేటింగ్ సిస్టమ్. నేటి ప్రాసెసర్లలో నలుగురో, ఎనమండుగురో పంతుళ్ళున్నారు గాని, తరగతులు వందలైనవి. కట్టుబాటు అవసరము తగ్గలేదు.

ఇక ఇష్టముల మాట. ఇష్టమనగా వ్యర్థమైన ముచ్చట యని కొందరందురు. ఈ యంత్రముల చరిత్ర వేరు విధముగ చెప్పుచున్నది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞుడు గ్రహముల మధ్య నౌక నడుపు ఆట నొకదానిని వ్రాసికొనెను. పెద్ద కంప్యూటరుపై దానిని ఆడుటకు ఖర్చెక్కువ. అందుచేత అంతగా ఎవరును వాడని పీడీపీ-7 అను చిన్న యంత్రమును పట్టుకొని, ఆటను దానిమీదికి మార్చెను. ఆ చిన్న యంత్రమును తనకు నచ్చినట్లు దిద్దుకొనుటలోనే యునిక్సు పుట్టినది. ఆయన సహచరుడు డెన్నిస్ రిచీ ‘సి’ భాషను నిర్మించెను. 1973లో యునిక్సును ఆ భాషలో తిరిగి వ్రాసిరి. అంతట అది ఒక యంత్రమునకే కట్టుపడక ఊరూరు తిరుగగలిగినది.

హార్డువేరు మన అలవాట్లపై వేయు ముద్రకు మరియొక నిదర్శనము చూడుడు. 1976లో బెర్క్‌లీ విద్యార్థి బిల్ జాయ్ ‘వీఐ’ అను వ్రాత సాధనమును నిర్మించెను. అతడు వాడిన టెర్మినలులో బాణపు గుర్తులు వేరు మీటలపై లేవు. హెచ్, జె, కె, ఎల్ అను అక్షరముల మీదనే ముద్రించియుండెను. కావున ఎడమకు, క్రిందికి, పైకి, కుడికి పోవుటకు ఆ నాలుగు మీటలే దిక్కైనవి. ఆ టెర్మినలు వాడుక ఏనాడో పోయినది. నేడు చాల కీబోర్డుల మీద బాణపు మీటలు వేరుగ నున్నవి. అయినను ఆ సాధనము నభిమానించువారు ఆ నాలుగు అక్షరముల మీదనే వ్రేళ్ళాడించుచున్నారు. యంత్రము పోయినను అలవాటు నిలిచినది.

1984 జనవరిలో వెలువడిన తొలి మాకింటోషు కథ దీనికి తలక్రిందు. దాని కీబోర్డుకు బాణపు మీటలే లేవు. జనులు మౌసునకు అలవాటు పడవలెనని నిర్మాతలు వాటిని కావలెననియే తీసివేసిరి. ఒకరి ఇష్టము వేలమందికి శాసనమైనది! జనులు మౌసును నేర్చుకొనిరి. తరువాతి కీబోర్డులకు బాణములు తిరిగి వచ్చినవి.

1991లో హెల్సింకీలో 21 ఏండ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తన ఇంటి కంప్యూటరు తన మాట వినవలెనని పట్టుపట్టి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టి, ఇది కాలక్షేపమునకే గాని పెద్దది కాదని లోకమునకు ప్రకటించెను. 2017 నవంబరు నాటికి ప్రపంచములోని అత్యంత శక్తిమంతములైన 500 సూపర్ కంప్యూటర్లన్నియు ఆ లినక్సు మీదనే నడచినవి. ఆండ్రాయిడు ఫోనులకును అదియే పునాది. విద్యార్థులారా, మీ ముచ్చటలను తేలికగ చూడకుడు.

అయితే స్వయముగ ఎంచుకొన్న రుచి వేరు, పెద్దలు మప్పిన రుచి వేరు. 1984-85లో కేంద్రప్రభుత్వము ‘క్లాస్’ అను పథకము క్రింద సుమారు 250 పాఠశాలలలో బీబీసీ మైక్రో అను బ్రిటిషు కంప్యూటర్లను ప్రవేశపెట్టినది. దాని బి రకమునకు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. మీట నొక్కగానే అందు బొమ్మలు రావు; బేసిక్ భాషలో ఏమి చేయవలెనో చెప్పుమని యంత్రము ఎదురుచూచును. ఆ యంత్రము ముందు కూర్చున్న బాలునికి కంప్యూటరనగా మనము ఆజ్ఞాపించునది. బొమ్మలను నొక్కుటతో మొదలుపెట్టిన బాలునికి కంప్యూటరనగా ఇచ్చినవానిలో నొకటి ఏరుకొనునది. ఏది మేలన్న వాదము నాకక్కరలేదు. మొదటి యంత్రము బాలుని మనస్సులో కంప్యూటరు అను మాటకు అర్థమై కూర్చుండును. ఆ అర్థమును నిర్ణయించునది బాలుడు కాడు, బడి.

మన తెలుగువారికి ఇందులో మరియొక పట్టు కలదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనుల విషయమున ఒక వింత జరిగెను. ‘జ్ఞా’ అను అక్షరమును, కంటికి కనబడని గుర్తొకటి నడుమ చేర్చి పంపినచో, దానిని చూపబోయిన సందేశపు అప్లికేషను కుప్పకూలుచుండెను. కొలది దినములలోనే సంస్థవారు సవరణ పంపిరి. జ్ఞానమనుటలో మొదటి అక్షరమే యంత్రమును పడగొట్టినదని అప్పుడు నవ్వుకొంటిమి. కాని నవ్వు చల్లారిన తరువాత తెలియునదేమనగా, ఆపరేటింగ్ సిస్టమ్ మన అక్షరమును తనంత తానెరుగదు. వత్తు ఎక్కడ కూర్చుండవలెనో, గుడి ఎక్కడ వ్రాలవలెనో ఎవరో ఓపికతో దానికి నేర్పవలెను.

యూనికోడు రాకపూర్వము, వచ్చినను వాడుకకు రాకపూర్వము, మన అచ్చుకూటములలో వేరు పద్ధతి సాగినది. ఆంగ్లాక్షరముల సంఖ్యల మాటున తెలుగు బొమ్మలను దాచిన ఫాంట్లవి. ఇరువది యేండ్ల క్రిందట నేను టైపు చేయించుకొన్న వ్యాసములు కొన్ని అట్టివే. మొన్న వాటిని తెరచితిని. అక్షరము లేదు; ఆంగ్లపు ముక్కలు, చుక్కలు, కొక్కెములు తెరనిండ పరచుకొన్నవి. ఆ ఫాంటు నా దగ్గర లేదు గనుక నా వ్రాత నాకే పరాయిదైనది. కాగితము మీది ప్రతులు దొరికినవి గనుక బ్రతికితిని. యూనికోడులో 1991 నుండి తెలుగునకు 128 స్థానముల గడి యున్నది. అందు వ్రాసినది ఏ యంత్రములోనైనను తెలుగే. నా ఇష్టముల పట్టికలో ఇది మొదటిది. విండోసా, లినక్సా అన్నది దీని తరువాతి మాట.

రెండవది కీబోర్డు. ‘అమ్మ’ అని వ్రాయుటకు ఆంగ్లములో నాలుగక్షరములు కొట్టుట ఒక పద్ధతి. ఆంగ్లపు మీటలు తెలిసినవారికి ఇది దినములో పట్టుబడును. ఇన్‌స్క్రిప్టు అను ప్రభుత్వ పద్ధతిలో ఎడమచేతికి అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడిచేతికి హల్లులు అధికముగ వచ్చును. క, ఖలు ఒకే మీటపై నున్నవి. తెలుగున ‘క’ ఉన్న మీటపైనే హిందీలోను, కన్నడములోను ‘క’ ఉండును. దీనికి నాకు నెల పట్టినది. మొదటి వారము విసిగి విడిచిపెట్టితిని గూడ. ఇప్పుడు మాత్రము తెలుగు మాటను తెలుగుగానే తలచి వ్రాయుచున్నాను. నడుమ ఆంగ్లపు దుబాసీ లేడు. అట్లని మొదటి పద్ధతివారిని తక్కువ చేయను. తెలుగు వ్రాయకుండుట కంటె ఏ పద్ధతిననైనను వ్రాయుట మేలు.

నా యంత్రము పదియేండ్ల నాటి ల్యాప్‌టాప్. దానికి తగిలించిన కీబోర్డు పాతకాలపుది, బరువైనది, టకటకమని మ్రోగును. ఇంటివారు రాత్రివేళ దానిని తిట్టని దినము లేదు. నాకు మాత్రము ఆ చప్పుడు లేనిదే వాక్యము సాగదు. లోపల లినక్సు. దాని వలన సుఖమే గాని కష్టము లేదని చెప్పిన అబద్ధమగును. ఒక ప్రింటరు నా మాట వినుటకు రెండు ఆదివారములు పట్టినది. మిత్రులు పంపిన పత్రములు కొన్ని అమరిక చెదరి వచ్చును. ఆ కష్టములు తెలిసియు దానిని ఉంచుకొంటిని గనుక ఇది నా ఇష్టమని ధైర్యముగ చెప్పగలను.

ఈ మాట బడులకు నేడు మరింత అవసరము. 2025 అక్టోబరు 14తో విండోసు 10నకు సాధారణ సహాయము ముగిసినది. రుసుము చెల్లించియో, నమోదు చేసికొనియో కొంతకాలము గడుపుకొనవచ్చును. 2021లో వచ్చిన విండోసు 11 కొన్ని భద్రతా పరికరములు లేని పాత యంత్రములను ఒప్పుకొనదు. చెడిపోనివాటిని చెత్తకు పంపుటయా, వేరు వ్యవస్థ నెక్కించి నడుపుటయా అన్నది అనేక ప్రధానోపాధ్యాయుల ముందున్న ప్రశ్న. కేరళలో ప్రభుత్వ పాఠశాలలు చాలకాలముగా లినక్సు ఆధారముననే కంప్యూటరు విద్య నేర్పుచున్నవి. అచ్చట ఉపాధ్యాయుల శిక్షణకు ముందుగ ప్రాధాన్యమిచ్చిరి. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్సునకు మారుటకు నిశ్చయించి, 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లను మార్చి, 2017లో తిరిగి విండోసునకే పోవుటకు తీర్మానించినది. కావున యంత్రమును మార్చుట ఒక్కటే చాలదు; వాడువారి మనస్సు వెంట రావలెను.

నేనా ముగ్గురు మాష్టార్లకు ఒక కార్డు వ్రాసితిని. ఒక్క వారము మీ యంత్రములను ఒకరివొకరు మార్చుకొనుడు, ఆ తరువాత వాదులాడుకొనుడు అని. లెక్కల మాష్టారి జవాబు వచ్చినది: “మూడు రోజులు ప్రయత్నించాను. విండోసే నాకు మేలనిపించింది. అయితే ఎందుకు మేలో ఇప్పుడు చెప్పగలను. బడిలో ఒక పాత కంప్యూటరులో లినక్సు పెట్టించాము. సుద్దముక్కల కుర్రవాడు దాని దగ్గర నుంచి లేవడం లేదు. పరీక్షకు ఏది వస్తుందని మాత్రం మళ్ళీ అడగలేదు.”