ఎక్స్‌రే గదిలో మన అమ్మాయిలు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మొన్నొక మధ్యాహ్నం అన్నాలయ్యాక బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. మా వీధి చివరింటి చెల్లెలు వచ్చి పక్కన కూలబడింది. ఆమె బిడ్డ ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయింది. డాక్టరు కావాలని నీట్ రాసింది గానీ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. ఇప్పుడా పిల్ల రేడియోగ్రఫీ చదువుతానంటోందట. తల్లికి ఆ మాట మింగుడు పడలేదు.

“ఫొటో గుంజుడు నేర్సుకునేటందుకు రెండేండ్ల కాలేజీ ఏందక్కా? పైంగ ఆ కిరణాలు వొంటికి మంచియి కావంటరు. రేపు పెండ్లి కావద్దా, పిల్లలు పుట్టద్దా?” అంది.

ఆమె అడిగిన రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. ఆడపిల్లను కన్న ఏ తల్లయినా అడుగుతుంది. అయితే వీటితోపాటు తప్పకుండా అడగవలసిన మూడో ప్రశ్న ఒకటుంది. అది ఆమె అడగలేదు. ఏడేళ్ళ క్రితం మా ఇంట్లో నేనూ అడగలేదు. దాని ఫలితం అనుభవించాం. ఆ సంగతి చివర చెబుతాను. ముందు ఆమె ప్రశ్నలే చూద్దాం.

ఎక్స్‌రే తీయడం ఫొటో తీయడం లాంటిదేనా? కాదండీ. మామూలు ఫొటోలో వెలుతురు మన ఒంటిమీద పడి వెనక్కి వస్తుంది. ఎక్స్‌రే కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతాయి. ఎముక దగ్గర ఎక్కువగా ఆగిపోతాయి కనుక ఎముక తెల్లగా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కనుక అక్కడ నల్లగా వస్తుంది. ఎంత బలమైన కిరణం పంపాలి, ఎంతసేపు పంపాలి అన్నది మనిషిని బట్టి, అవయవాన్ని బట్టి నిర్ణయించాలి. బక్కపలచని పిల్లవాడికీ, భారీ మనిషికీ ఒకే లెక్క పనికిరాదు. పాలు కాచే మంట, పప్పు ఉడికించే మంట ఒకటి కానట్టే అనుకోండి.

ఇంట్లో ముసలమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగిందేమోనని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆమెను నొప్పి పెరగకుండా బల్లమీదికి చేర్చాలి. కాలు ఏ వాటంగా ఉంటే ఎముక స్పష్టంగా కనబడుతుందో చూసుకోవాలి. ‘అమ్మా, ఒక్క నిమిషం కదలకు’ అని ధైర్యం చెప్పాలి. కుడి, ఎడమల గుర్తు తప్పులేకుండా పెట్టాలి. ఆ గుర్తు తారుమారైతే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. చిత్రం మసకగా వస్తే మళ్ళీ తీయాలి. మళ్ళీ తీయడమంటే ఆ ముసలమ్మ ఒంట్లోకి మళ్ళీ కిరణాలు పంపడమే. అందుకే మొదటిసారే సరిగ్గా తీయగలగాలి. అందుకే శరీర నిర్మాణం, భౌతికశాస్త్రం, రోగిని కదిలించే పద్ధతి అన్నీ కాలేజీలో నేర్పుతారు. నేర్పించాక ఆస్పత్రిలో చేయిస్తారు.

ఇక్కడొక తేడా గుర్తుంచుకోవాలి. చిత్రం తీసేవారు రేడియోగ్రాఫరు. దాన్ని చూసి రోగమేమిటో రాసిచ్చే డాక్టరు రేడియాలజిస్టు. ఆ డాక్టరు ఎంబీబీఎస్ అయ్యాక మళ్ళీ పై చదువు చదివిన మనిషి. రేడియోగ్రఫీ చదివిన అమ్మాయి రోగం పేరు చెప్పకూడదు. కానీ ఆమె తీసిన చిత్రం సరిగ్గా లేకపోతే ఆ డాక్టరుకూ పాలుపోదు.

ఈ పని ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. 1895 నవంబరు 8న జర్మనీలో రోంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఈ కిరణాలను కనిపెట్టాడు. ఆ డిసెంబరులోనే తన భార్య బెర్తా చేతికి ఎక్స్‌రే తీశాడు. చేతి ఎముకలూ, వేలికున్న ఉంగరమూ అందులో కనిపించాయి. మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు మేరీ క్యూరీ ఎక్స్‌రే యంత్రాలను మోటారు బండ్లకెక్కించి గాయపడిన సైనికుల దగ్గరికి తీసుకెళ్ళింది. పదిహేడేళ్ళ కూతురు ఐరీన్ తల్లికి తోడుగా నిలిచింది. ఆ యుద్ధకాలంలో దాదాపు 150 మంది స్త్రీలకు ఎక్స్‌రే పనిలో శిక్షణ ఇప్పించారు. అంటే నూరేళ్ళకు పైగా ఆడవాళ్ళు చేస్తున్న పనే ఇది.

ఇక రెండో ప్రశ్న, కిరణాల భయం. ఈ భయం ఉత్తి పుణ్యానికి పుట్టలేదు. తొలిరోజుల్లో ఈ కిరణాల చెడుగుణం తెలియక, చేతులు అడ్డం పెట్టి చూసుకున్నవారికి చర్మం కాలింది, వేళ్ళు పోయాయి, కాన్సరూ వచ్చింది. ఆ అనుభవంతోనే నియమాలు పుట్టాయి. మన దేశంలో వీటిని చూసే సంస్థ అణుశక్తి నియంత్రణ మండలి. అది 1983లో ఏర్పడింది.

ముందుగా తెలుసుకోవలసిందేమిటంటే, ఎక్స్‌రే యంత్రంలో స్విచ్చి వేసినప్పుడే కిరణాలు వస్తాయి. ఆపగానే ఆగిపోతాయి. దీపం ఆర్పితే గదిలో వెలుతురు మిగలనట్టే, ఆ గదిలో గానీ, బట్టల్లో గానీ కిరణాలు మిగలవు. రోగి ఒంట్లోనూ మిగలవు. రెండోది దూరం. యంత్రానికి రెండింతల దూరం జరిగితే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుంది. స్విచ్చి వేసేటప్పుడు రేడియోగ్రాఫరు అడ్డుగోడ వెనక నిలబడుతుంది. రోగి దగ్గర ఉండక తప్పనప్పుడు సీసపు ఆప్రాన్ కట్టుకుంటుంది. ఛాతీ దగ్గర చిన్న బ్యాడ్జి పెట్టుకుంటుంది. ఒంటికి ఎన్ని కిరణాలు సోకాయో అది లెక్క కడుతుంది. మూడు నెలలకోసారి ఆ బ్యాడ్జిని పరీక్షకు పంపుతారు.

ఈ లెక్కకు మిల్లీసీవర్టు అనే కొలత వాడతారు. నేలలోంచి, ఆకాశంలోంచి, తిండిలోంచి ప్రకృతి సహజంగా మనందరికీ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్లు సోకుతుంటాయి. ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే రోగికి సోకేది 0.1 లేదా అంతకన్నా తక్కువ. ఈ పనిచేసేవారికి మన దేశంలో పెట్టిన హద్దు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. శిక్షణలో ఉన్న విద్యార్థులకైతే ఏడాదికి 6. పదహారేళ్ళు నిండనివారిని శిక్షణకే తీసుకోకూడదు. పద్దెనిమిది నిండనిదే ఉద్యోగంలో పెట్టుకోకూడదు.

మరి కడుపుతో ఉంటే? గర్భమని తెలియగానే అమ్మాయి పై అధికారికి చెప్పాలి. దాచకూడదు. అప్పటినుంచీ కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకుండా ఆమె పని మార్చాలన్నది నియమం. కనుక నియమాలు పాటించే చోట ఈ ఉద్యోగం పెండ్లికీ అడ్డు కాదు, సంతానానికీ అడ్డు కాదు. నేను ఈ మాట చెప్పాక మా చెల్లెలి ముఖం కాస్త తేటపడింది.

సరే, ఇంతకీ ఈ చదువులో చేరడమెలా? దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది డిప్లొమా. దీన్ని డి.ఎమ్.ఐ.టి. అంటారు, డిప్లొమా ఇన్ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ అని. రెండేళ్ళ చదువు. దీనికి నీట్ ర్యాంకుతో పనిలేదు. ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల మార్కులే ఆధారం. బైపీసీ వారికి మొదటి అవకాశం, వారు చాలకపోతే తర్వాత ఎంపీసీ వారికి. ఈ డిప్లొమాలను చూసేది పారామెడికల్ బోర్డు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో చేసిన చట్టంతో వచ్చిన బోర్డు ఇది. ఇప్పుడు తెలంగాణకు వేరుగా ఉంది.

రెండోది డిగ్రీ. బి.ఎస్సీ.లో రేడియాలజీ, ఇమేజింగ్ చదువు. మూడేళ్ళు తరగతులు, ఒక ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద ఈ కోర్సులున్నాయి. హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్‌లోనూ ఉంది. ఇంట్లో స్థోమత ఉండి, పిల్లకు పై చదువుల మీద మనసుంటే డిగ్రీ మేలు. తొందరగా ఉద్యోగం కావాలంటే డిప్లొమా.

మన సిద్దిపేట వారికి ఒక సౌకర్యం కలిగింది. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా అయ్యేదాకా మనకు జిల్లా కేంద్రం సంగారెడ్డి. 2018లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. వివరాలు కావాలంటే ఆ కాలేజీ ఆఫీసుకు గానీ, జిల్లా వైద్యారోగ్య శాఖాధికారి ఆఫీసుకు గానీ నేరుగా వెళ్ళి అడగవచ్చు. ఈ ఏడాది ఏ కోర్సులున్నాయి, ఎన్ని సీట్లు, ఆఖరు తేదీ ఎప్పుడు అని కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. మీసేవలో ఇచ్చే పత్రాలకు కొన్ని రోజులు పడుతుంది. ఆఖరి రోజున పరుగెడితే దొరకవు.

ఇంటర్ ఫలితాలు రాగానే పారామెడికల్ ప్రకటన వస్తుందనుకోకండి. వానాకాలం గడిచాక వచ్చిన సంవత్సరాలూ ఉన్నాయి. ఆ నెలలు ఓపిక పట్టాలి. ఓపిక పట్టక మేం చేసిన పొరపాటే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా అన్నయ్య బిడ్డ ఇంటర్ అయి ఇంట్లో కూర్చుంది. అప్పుడే ఎవరో ఒక కరపత్రం తెచ్చిచ్చారు. ‘ఒక్క ఏడాదిలో ఎక్స్‌రే, స్కానింగ్ కోర్సు. గవర్నమెంటు గుర్తింపు. వెంటనే ఉద్యోగం’ అని అందులో ఉంది. అన్నయ్య ఆ కాగితం నాకు చూపించాడు. రేడియోలో నలుగురికి మంచిచెడ్డలు చెప్పేదాన్ని కదా, నా మాటకు విలువ ఉంటుందని. ‘బాగుంది, చేర్పించు అన్నయ్యా’ అన్నాను. వదిన మెడలో గొలుసు తాకట్టు పెట్టి ఫీజు కట్టారు.

దుకాణాల మీద మూడు గదులు, గోడలనిండా బొమ్మల పటాలు. అంతే, అదీ కాలేజీ! ఏడాది తిరిగింది. యంత్రం కంటితో చూడకుండానే మా పిల్లకు ఎక్స్‌రే చదువు పూర్తయింది. సర్టిఫికెట్ పట్టుకుని ఆస్పత్రికి పోతే ‘పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషను నంబరు ఏదమ్మా?’ అన్నారు. దానికి ఆ మాటే తెలియదు. ఇంటికొచ్చి ఎవర్నీ ఏమీ అనలేదు. నన్నూ అనలేదు. ఆ అనకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

ఆ మూడో ప్రశ్న ఇదే, ‘ఈ కాలేజీని గుర్తించింది ఎవరు?’ అని. గవర్నమెంటు గుర్తింపు అంటే సరిపోదు. డిప్లొమా అయితే పారామెడికల్ బోర్డు జాబితాలో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉండాలి. డిగ్రీ అయితే విశ్వవిద్యాలయం జాబితాలో ఉండాలి. కాలేజీవాళ్ళు చూపించే కాగితం కాదు, బోర్డువారి జాబితానే చూడండి. మనకు చూడరాకపోతే చదువుకున్న పిల్లలచేత చూపించుకోవాలి. తర్వాత, ఏ ఆస్పత్రిలో శిక్షణ ఇస్తారు, అక్కడ ఏయే యంత్రాలున్నాయి అని అడగాలి. వీలైతే వెళ్ళి చూడాలి. చివరగా, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట పిల్లను చేర్చకండి.

ఇంకొక మాట. ‘కోర్సు అయ్యాక సొంతంగా స్కానింగ్ సెంటరు పెట్టుకోవచ్చు, గర్భిణులకు స్కానింగ్ చేయవచ్చు’ అని ఎవరైనా ఆశపెడితే నమ్మవద్దు. 1994 నాటి గర్భస్థ పిండ పరీక్షల చట్టం ప్రకారం ఆ స్కానింగ్ అర్హత గల డాక్టర్లే చేయాలి. ఆడో మగో చెప్పడం నేరం. తెలియక చేసినా కేసు అమ్మాయి మెడకు చుట్టుకుంటుంది.

మా మేనకోడలు తర్వాత గుర్తింపు ఉన్న కాలేజీలో మళ్ళీ మొదటినుంచీ రెండేళ్ళు చదివింది. ఇప్పుడు హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో పనిచేస్తోంది. తేలిక పని కాదు. రాత్రి డ్యూటీలుంటాయి. ప్రమాదాల్లో రక్తమోడుతూ వచ్చినవారిని చూడాలి, బరువైన మనుషులను ఎత్తి పడుకోబెట్టాలి. పిల్లకు ఆ గుండె ధైర్యం ఉందో లేదో తల్లిగా మనమే కనిపెట్టాలి. కానీ అది ఒకటి చెప్పింది. రొమ్ములో గడ్డ ఉందని అనుమానంతో మామోగ్రఫీకి వచ్చే ఆడవాళ్ళు గది గుమ్మం దగ్గర ఆగిపోతారట. లోపల ఉన్నది అమ్మాయే అని చూశాక అడుగు ముందుకు వేస్తారట. ‘అత్తా, నన్ను చూసి వాళ్ళు వెనక్కి పోలేదు. అది చాలు’ అంది.

మా వీధి చెల్లెలికి ఇదంతా చెప్పాను. నిన్న తల్లీబిడ్డలు సర్టిఫికెట్లన్నీ ఒక కవరులో పెట్టుకుని వైద్య కళాశాల ఆఫీసుకు బయలుదేరారు. మా ఇంటిముందు ఆగి, “అక్కా, గుర్తింపు సంగతి అడుగుత. మిషిని గూడ సూపియ్యమంట” అంది.

అడగమన్నాను. మీరూ అడగండి. సెలవు.