కత్తి పట్టని రాణులు

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ, బీజాపూరు, మధుర రాజ్యాల బరువు ముగ్గురు వితంతువుల మీద పడింది. మాటతో, రొక్కంతో, ఓర్పుతో వాళ్లు సింహాసనాలు నిలబెట్టారు.

1656 జనవరి ఆఖరు. మొగలు సేన హైదరాబాదులో జొరబడింది. సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా రాత్రికి రాత్రి నగరం విడిచి గోల్కొండ కోటలో తలదాచుకున్నాడు. ఊరు దిక్కులేనిదైంది. మహళ్లు దోచారు, కుతుబ్‌షాహీలు తరాలుగా కూడబెట్టిన పుస్తకాలు కూడా దోపిడీ సొమ్ములో కలిసిపోయాయి. ఫిబ్రవరి మొదటి వారానికి దక్కను సుబేదారు ఔరంగజేబు తానే వచ్చి కోటను చుట్టుముట్టాడు. గోల్కొండను పూర్తిగా కలిపేసుకోవాలన్నది ఆయన పట్టుదల. తండ్రి షాజహానుకు రాసిన ఉత్తరాల్లోనూ అదే పాట.

తగవు మొదలైంది మీర్ జుమ్లా దగ్గర. వజ్రాల వ్యాపారంతో పైకొచ్చి, గోల్కొండ కొలువులో పెద్ద పదవికి ఎదిగి, గండికోట దాకా సీమను జయించిన ఈ ఇరానీ, చివరికి రాజునే మించిపోయాడు. ఆయన మొగలుల పక్షం చేరాడని తెలిసి అబ్దుల్లా ఆయన కొడుకును ఖైదు చేయించాడు. ఔరంగజేబుకు అంతకన్నా సాకు ఏం కావాలి?

ముట్టడిలో ఉన్న ఆ కోటలోంచి రాయబారానికి బయల్దేరిన మనిషి రాజమాత హయత్‌బక్షీ బేగం. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. కొడుక్కి నలభై దాటాయి, అయినా శత్రువు గుడారానికి వెళ్లవలసింది తల్లే అయింది. ఆమె ఔరంగజేబును కలిసి కొడుకు తరఫున మాట్లాడింది. బేరం ఇలా తేలింది: పాత బకాయిలూ జరిమానా కలిపి కోటి రూపాయలు, దానితోపాటు అబ్దుల్లా కూతుర్ని ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తానుకిచ్చి పెళ్లి. అటు మొగలు దర్బారులో గోల్కొండ వకీళ్లు ఔరంగజేబు అన్న దారా షికోను పట్టుకుని చక్రవర్తి మనసు మెత్తబరిచే పనిలో ఉన్నారు. ముట్టడి ఎత్తేయమని షాజహాను హుకుం పంపాడు. మార్చి 30న సేన కదిలింది.

ఈ ఘట్టాన్ని చరిత్రకారులు అన్నదమ్ముల పోరు కిందనో, మీర్ జుమ్లా ద్రోహం కిందనో చెప్పుకుపోతారు. రాజమాత ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. నాకు మాత్రం ఆ రెండు నెలల కథకు ఆమే కేంద్రం అనిపిస్తుంది. గోల్కొండ చివరికి ఔరంగజేబు చేతికి చిక్కింది 1687లో. అంటే 1656 నాటి ఆ ఒప్పందం తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు రాజ్యం బతికింది. ఒక ముసలి తల్లి శత్రు శిబిరానికి నడిచి వెళ్లడం ఆ ఏళ్లకు కట్టిన వెలలో భాగం. ఆ వెలలో మనవరాలూ ఉంది, అది మరిచిపోకూడదు. పెళ్లికొడుకు మహమ్మద్ సుల్తాను మూడేళ్లకే వారసత్వ యుద్ధంలో పెదతండ్రి షుజా పక్షానికి దూకాడు, ఆయన కూతుర్ని కూడా పెళ్లాడాడు. తర్వాత తండ్రికి చిక్కి గ్వాలియర్ కోటలో ఖైదీగా పడి, 1676లో చనిపోయాడు. కోట నిలబెట్టిన ఆ పెళ్లి ఆ పిల్లకు ఏం మిగిల్చిందో అడిగిన వాళ్లు లేరు.

తల్లి మొక్కు

హయత్‌బక్షీ హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు ఒక్కగానొక్క కూతురు. కొడుకులు లేని ఆయన 1607లో ఆమెను తమ్ముడి కొడుకు సుల్తాన్ మహమ్మదుకిచ్చి చేశాడు. 1612లో అల్లుడే రాజయ్యాడు. 1626లో ఆయనా పోయాక పన్నెండేళ్ల అబ్దుల్లాను గద్దె మీద కూర్చోబెట్టి, వెనకనుంచి రాజ్యం నడిపింది తల్లి. ఒక రాజుకు కూతురు, ఒక రాజుకు భార్య, మరో రాజుకు తల్లి అని ఆమెను పరిచయం చేయడం అందరికీ అలవాటు. ఆ మూడు కొలువులనూ దగ్గరనుంచి చూసి నేర్చుకున్న మనిషి అని చెబితే ఆమెకు న్యాయం జరుగుతుంది. రాజులు మారారు, దర్బారు గుట్టుమట్లు తెలిసిన ఆమె అలాగే ఉంది.

జనం ఆమెను మాసాహెబా అన్నారు. మాసాబ్ ట్యాంకు ఆ పిలుపునే మోస్తోంది. విజయవాడ బస్సు ఎక్కిన ప్రతివాళ్లూ దాటే హయత్‌నగర్ ఆమె వేయించిన ఊరు. అది అప్పటి బందరు దారి. గోల్కొండ సరుకంతా మచిలీపట్నం ఓడరేవుకు ఆ బాటనే సాగేది. దారి పక్కన ఆమె మసీదు కట్టించింది, బిడారులు దిగడానికి సరాయి కట్టించింది. పక్కనే హాథీ బావోలీ అనే పెద్ద దిగుడుబావి ఉంది. ఎక్కడ ఊరు వేయాలో ఎంచుకోవడంలోనే ఆమె చూపు తెలుస్తుంది: రాజ్యానికి పన్ను ఎక్కడినుంచి వస్తుందో, అక్కడ బాటసారికి నీడా నీళ్లూ ఉండాలి.

ఆమె గురించి హైదరాబాదు పాతబస్తీ చెప్పుకునే కథ మరొకటి ఉంది. కుర్రవాడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదమెక్కి మావటిని లెక్కచేయక అడవిలోకి పరుగుతీసింది. రోజులు గడిచినా జాడ లేదు. ఏనుగు ఎటు తిరిగినా బిడ్డ చేతికి అందేటట్టు తల్లి చెట్ల కొమ్మలకు అన్నం మూటలు కట్టించిందట. బిడ్డ క్షేమంగా తిరిగొస్తే ఏనుగు కాలి గొలుసంత బరువున బంగారు గొలుసు చేయించి హుసైనీ ఆలంకు సమర్పించుకుంటానని మొక్కుకుంది. కొడుకు తిరిగొచ్చాడు, మొక్కు చెల్లింది. మొహర్రంలో ఏటా సాగిన లంగర్ ఊరేగింపుకు మూలం ఇదేనంటారు. నిజాముల కాలానికి అది సైన్యమంతా కదిలే పెద్ద వేడుకైంది. కథలో నిజం పాళ్లు ఎన్నైనా, చెట్టుకొమ్మకు కట్టిన ఆ అన్నం మూటలో ఊరు చూసుకున్నది తల్లినే, రాణిని తర్వాత.

1667లో ఆమె కన్నుమూసింది. కుతుబ్‌షాహీ సమాధుల తోటలో రాజుల గుమ్మటాల సరసన, పరిమాణంలో వాటికి తీసిపోకుండా ఆమె సమాధి నిలబడి ఉంది.

గోల్కొండ ఆడపడుచు

హయత్‌బక్షీ కూతురు ఖదీజా సుల్తానా బీజాపూరు కోడలు. భర్త మహమ్మద్ ఆదిల్‌షా 1656లోనే, గోల్కొండ ముట్టడి జరిగిన ఏడే చనిపోయాడు. కొడుకు అలీ ఆదిల్‌షా ఇంకా కుర్రవాడు. బడీ సాహెబా అని పేరుపడ్డ ఆమె ఔరంగజేబు దండయాత్రనూ, శివాజీ తాకిడినీ ఒకే కాలంలో ఎదుర్కొంది. శివాజీ మీదికి అఫ్జల్‌ఖాను వెళ్లిన 1659లో బీజాపూరు పెత్తనం ఆమెదే. ఆ ఎత్తు అఫ్జల్‌ఖాను చావుతో ముగిసింది. దక్కనీ భాషలో రుస్తుమీ 1649లో పూర్తిచేసిన ఖావర్‌నామా కావ్యం ఆమె కోరి రాయించుకున్నదే. కొడుకు ఎదిగొచ్చాక అధికారం వదిలి, డచ్చివాళ్ల ఓడలో మక్కాకు ప్రయాణం కట్టింది. చేతికొచ్చిన పెత్తనాన్ని వేళకు దించిపెట్టడం ఆ రోజుల్లో రాజులకే చేతకాలేదు.

పెళ్లి కాదన్న కోట

ఆడపిల్ల పెళ్లి రాజ్యాలకు రాజీపత్రమైన ఆ కాలంలో, కాదన్న చోట ఏం జరిగిందో తంజావూరు చెబుతుంది. తెలుగు సరస్వతికి ఆ కోట పుట్టినిల్లంతటిది. విజయరాఘవ నాయకుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసం, ఉషాపరిణయం రాసింది. మధుర నాయకుడు చొక్కనాథుడు విజయరాఘవుడి కూతుర్ని అడిగాడు. ఇవ్వనన్నాడు. 1673లో మధుర సేన తంజావూరు మీద పడింది. ఓటమి ఖాయమనుకున్న ముసలి రాజు అంతఃపురాన్ని మందుగుండుతో పేల్చేయమని చెప్పి, తాను కత్తి దూసి యుద్ధంలో ప్రాణం విడిచాడు. తంజావూరి ఆంధ్ర రాజుల చరిత్ర అనే రచన ఈ కథంతా చెబుతుంది. ఒక దాది మాత్రం రాజు మనవణ్ని ఎత్తుకుని నాగపట్నం చేరింది. అంతఃపురంలో కాలిపోయిన స్త్రీలకు పేర్లు మిగల్లేదు. వాళ్లనెవరూ అడిగి చంపలేదు. దాన్ని పౌరుషం అని ఈనాటికీ రాసేవాళ్లున్నారు. నేను రాయలేను.

మంగమ్మ లెక్క

ఆ చొక్కనాథుడి భార్యే మంగమ్మ. సేనాని తుపాకుల లింగమ నాయకుడి కూతురు. తంజావూరు గెలిచిన చొక్కనాథుడికి అదీ దక్కలేదు, ఉన్నదీ చాలావరకు చేజారింది. 1682లో ఆయన పోయేనాటికి తిరుచిరాపల్లి చుట్టూ కాస్త నేల మిగిలింది. మంగమ్మ సహగమనం చేయలేదు. కుర్రకొడుకు రంగకృష్ణ ముత్తువీరప్పకు అండగా ఉండిపోయింది. ఆ కొడుకూ 1689లో మశూచితో పోయాడు. గర్భిణిగా ఉన్న కోడలు బిడ్డను కని తానూ వెళ్లిపోయింది. పొత్తిళ్లలోని ఆ మనవడు విజయరంగ చొక్కనాథుడికి పట్టం కట్టి, మంగమ్మ పాలన చేతిలోకి తీసుకుంది.

ముత్తువీరప్ప గురించి మధురలో ఒక కథ చెబుతారు. ఔరంగజేబు చెప్పును ఏనుగు మీద ఊరేగించి, దానికి మొక్కమని సామంతులకు పంపేవారట. ఈ కుర్రరాజు ఆ చెప్పులో కాలు దూర్చి, మీ పాదుషాకు మతి ఉందా, ఒకే చెప్పు పంపాడేం, రెండోది ఏదీ అన్నాడట. వినడానికి బాగుంటుంది. తల్లి లెక్క వేరు. 1693లో జుల్ఫికర్‌ఖాను మొగలు సేనతో సెంజి దగ్గర దిగి ఉన్నప్పుడు ఆమె కప్పం కట్టింది. సెంజి కోట ఏళ్ల తరబడి మొగలులను ఆపుతోంది, అది లొంగిన మర్నాడు ఆ సేన దక్షిణానికి తిరుగుతుందని ఆమెకు తెలుసు. కప్పంతో పొరుగున తంజావూరును పట్టిన మరాఠాలకు ఒక హెచ్చరికా వెళ్లింది, పోయిన భూముల్లో కొన్ని తిరిగొచ్చాయి కూడా. కొడుకు పౌరుషం జానపద కథైంది, తల్లి తెలివి రాజ్యం నిలబెట్టింది.

యుద్ధం తప్పనప్పుడు ఆమె వెనక్కి తగ్గలేదు. 1697లో దళవాయి నరసప్పయ్య తిరువాన్కూరుకు వెళ్లి బకాయి కప్పం వసూలు చేసుకొచ్చాడు. 1702లో రామనాథపురం సేతుపతి మీద జరిగిన యుద్ధంలో ఓటమి ఎదురైంది, నరసప్పయ్య నేలకొరిగాడు. ఆ దెబ్బ నుంచి ఆమె కోలుకోలేదు.

మంగమ్మ పేరు జనం నోట నిలిచింది మాత్రం బాటల వల్ల. మధుర నుంచి కన్యాకుమారి వైపు వెళ్లే దారి, దానికి రెండు వైపులా చెట్లు, మజిలీ మజిలీకీ సత్రం, బావి. మధుర రైలుస్టేషను ఎదుట మంగమ్మ సత్రం ఇప్పటికీ ఉంది. పరధ్యానంలో ఒకసారి ఎడమచేత్తో తాంబూలం వేసుకుందనీ, ఆ దోషం పోవాలని ఈ పనులన్నీ చేసిందనీ తమిళనాట చెప్పుకుంటారు. ఇంత చేసిన ఆడమనిషికి ఒక తప్పు అంటగట్టకపోతే జనానికి కారణం దొరకలేదు కాబోలు. 1701లో తిరుచిరాపల్లి దర్గాకు ఆమె మాన్యమిచ్చింది. పొరుగున సేతుపతి సీమలో జెసూట్ గురువు బ్రిట్టోను 1693లో చంపేస్తే, మంగమ్మ సీమలో క్రైస్తవ గురువులు నిర్భయంగా తిరిగారు. మీనాక్షి గుడి ఊంజల్ మండపం కప్పు మీద ఆమె బొమ్మ ఉంది. మీనాక్షమ్మ చేతి రాజదండం అందుకుంటోంది.

మనవడు పెద్దవాడైనా ఆమె పగ్గాలు వదల్లేదంటారు. చివరికి ఆమెను బంధించారనీ, కంటికి కనబడి చేతికందని దూరంలో అన్నం పెట్టి ఆకలితో చంపారనీ కథ. ఆమె తముక్కం మహల్లో ఇప్పుడు గాంధీ స్మారక మ్యూజియం నడుస్తోంది.

మంగమ్మ మనవడు గుళ్లకు దానాలు చేస్తూ రాజ్యాన్ని దళవాయిలకు వదిలేసి 1732లో చనిపోయాడు. కొడుకులు లేరు. భార్య మీనాక్షి గద్దె ఎక్కింది. ఇంట్లో దాయాది పోరు, బయట ఆర్కాటు నవాబు అల్లుడు చందా సాహెబు. ఆమె కూడా అదే దారి పట్టింది. కోటి రూపాయలిస్తానంది, ఆయన అండగా ఉంటానని ఖురాను మీద ఒట్టేశాడు. హయత్‌బక్షీ గోల్కొండకు కట్టిన వెల కూడా సరిగ్గా అంతే. 1736లో చందా సాహెబు మళ్లీ వచ్చి తిరుచిరాపల్లి కోటను తన గుప్పిట పెట్టుకుని ఆమెను బంధించాడు. మీనాక్షి విషం తాగింది. మధుర నాయకుల రాజ్యం ఆమెతోనే ముగిసింది.