ఒడిలోని కొలిమి

ముఖ్యమైన పని మధ్యలో ల్యాప్‌టాప్ హఠాత్తుగా ఆరిపోతే, భద్రపరచని శ్రమ అంతా వృథా అయినట్లే. పలు సందర్భాలలో ఇది యంత్రానికి వచ్చిన రోగం కాదు, ఆత్మరక్షణ! వేడి 100 సెల్సియస్ డిగ్రీల ప్రాంతానికి చేరగానే ప్రాసెసర్లు సాధారణంగా తమ వేగాన్ని తగ్గించుకుంటాయి. అప్పటికీ చల్లబడకపోతే యంత్రమే ఆగిపోతుంది.

1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌లో నేడు ఈ ప్రమాదాన్ని ముందుగానే నివారించే ఏర్పాట్లున్నాయి. 'గవర్నర్' అనే భాగం పని ఒత్తిడిని గమనిస్తూ ప్రాసెసర్ వేగాన్ని హెచ్చిస్తూ, తగ్గిస్తూ ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాలలో 'థర్మల్డ్' అనే ప్రోగ్రాం వేడిని కనిపెట్టి పగ్గాలు బిగిస్తుంది. గరిష్ఠ వేగానికి హద్దు విధించే స్వేచ్ఛ వినియోగదారునికీ ఉంది.

ఇందువల్ల పని మందగించదా? కొంత మందగిస్తుంది, కాని లాభం అంతకంటే అధికం. గణనలకు వ్యయమయ్యే విద్యుత్తు వేగాన్నే కాక, వోల్టేజీ వర్గాన్ని కూడా అనుసరించి పెరుగుతుంది. వేగం, వోల్టేజీ రెండూ పదోవంతు తగ్గితే, ఆ వ్యయం నాలుగోవంతుకు పైగా తగ్గుతుంది. వేడీ ఆ మేరకే తగ్గుతుంది.

అయితే ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్మును ఏ సాఫ్ట్‌వేరూ దులపజాలదు. పరుపుపై ఉంచిన ల్యాప్‌టాప్‌కు ఊపిరాడదు. దానిని బల్లమీదికి మార్చడమే తొలి చికిత్స.