పూలదండల ఒప్పందం
2004 ఏప్రిల్. పాకిస్థాన్ సరిహద్దులోని దక్షిణ వజీరిస్థాన్‌లో షకాయ్ గ్రామం. నిన్నటిదాకా సైన్యం వేటాడిన మిలిటెంట్ నాయకుడు నేక్ మహమ్మద్ మెడలో సైన్యాధికారే పూలదండ వేశాడు. దాడులు ఆపితే క్షమాభిక్ష... అదీ ఒప్పందం! రెండు నెలలైనా నిలవలేదు. జూన్‌లో క్షిపణి దాడిలో నేక్ హతమయ్యాడు.

అయినా సర్కారు తీరు మారలేదు. 2005లో బైతుల్లా మెహసూద్‌తో, 2006లో ఉత్తర వజీరిస్థాన్‌లో, 2009లో స్వాత్ లోయలో... మళ్లీ అవే సంతకాలు. సైన్యం తగ్గిన ప్రతిసారీ మిలిటెంట్లు బలం పుంజుకున్నారు. జిర్గా కూర్చోబెట్టి తగవులు తీర్చే గిరిజన పెద్దల్ని వరసగా మట్టుబెట్టారు. స్వాత్ ఒప్పందం కూలి యుద్ధం మొదలయ్యాక ఆ ప్రాంతంలో 20 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు.

సంతకాలు ఎవరివైనా, మూల్యం చెల్లించింది మాత్రం ఆ కాగితాల్లో చోటులేని జనమే!