వార్తల్లో పదం: విటమిన్‌ డి లోపం

అల్జీమర్స్‌ రోగుల్లో విటమిన్‌ డి లోపం తరచూ కనిపిస్తుంది. ఇల్లు కదలరు, తిండి తగ్గుతుంది కనుక అది జబ్బు ఫలితమే అనొచ్చు. కానీ 2014లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం డిమెన్షియా లేని 1,658 మంది వృద్ధులతో మొదలైంది, సగటున 5.6 ఏళ్లలో, తీవ్ర లోపం ఉన్నవారికి అల్జీమర్స్‌ ముప్పు రెట్టింపును మించింది. అయినా లోపమే కారణమని తేలినట్టు కాదు. జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి, ఎండలో తిరగడం అప్పటికే తగ్గి ఉండొచ్చు. రోజుకు 2,000 యూనిట్ల విటమిన్‌ డి ఇచ్చిన ‘వైటల్‌’ అనే క్లినికల్‌ ట్రయల్‌లోనూ జ్ఞాపకశక్తి క్షీణత నెమ్మదించలేదు. అందులో చాలామందికి అసలు లోపమే లేదన్నది వేరే సంగతి.

మరి విటమిన్‌ డి రక్తపరీక్ష దండగా? కానే కాదు. ఈ లోపం ఎముకల్ని, కండరాల్ని దెబ్బతీస్తుంది. బాత్రూమ్‌లో జారి తుంటి విరిగితే, నొప్పెక్కడో చెప్పలేని మనిషి మంచానపడతారు. మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి అయోమయం ఇంకా ముదురుతుంది.